చల్లటి ఇల్లు: బెజవాడ, గుంటూరు ఎండల్లో అపోహలు - వాస్తవాలు

ఏసీ మీద ఆధారపడని ఇల్లు కట్టుకుందామనుకునేవాళ్లు ముందు గోడ గురించే అడుగుతారు. మట్టిదా, ఇటుకదా, రాతిదా అని. మన వైపు ముందు తేల్చుకోవాల్సింది పైకప్పు, తర్వాత పడమటి ముఖం. గోడ సంగతి ఆ తర్వాత.

అపోహ: మందంగా మట్టి గోడ కడితే చాలు, ఇల్లు చల్లగా ఉంటుంది.
మందపాటి గోడ వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. 9 అంగుళాల గోడ మీద పడిన మధ్యాహ్నపు ఎండ లోపలికి చేరడానికి ఇంచుమించు ఆరేడు గంటలు పడుతుంది. రాత్రిపూట బాగా చల్లబడే ఊళ్లలో ఇది వరమే. మే నెలలో బెజవాడలో తెల్లవారుజామున కూడా 28 డిగ్రీలు ఉంటుంది కాబట్టి, సరిగ్గా మంచమెక్కే వేళకు ఆ గోడ కక్కడం మొదలుపెడుతుంది. మొగల్రాజపురం లాంటి కొండ పక్క వీధుల్లో అయితే రాళ్ల సెగ కూడా తోడు. మందపాటి గోడ పెట్టండి, కానీ దాని మీద ఎండ పడనివ్వకండి. పంచ, చెట్టు, తడిక, ఏదో ఒకటి అడ్డు ఉండాలి. పడమర వైపు పడకగది కాకుండా మెట్లు, స్టోరు, బాత్రూములు పెట్టుకుంటే వేడి అక్కడే ఆగుతుంది.

అపోహ: స్లాబు వేడికి జిప్సం సీలింగే మందు.
సీలింగ్ వేసినా పైన స్లాబు కాలుతూనే ఉంటుంది, రాత్రంతా ఆ వేడిని కిందికి దించుతూనే ఉంటుంది. అడ్డు పెట్టాల్సింది స్లాబు పైన. అన్నిటికంటే బాగా పనిచేసేది నీడ: డాబా మీద తాటాకులతోనో కొబ్బరాకులతోనో, స్లాబుకు ఎడంగా, నాలుగు వైపులా గాలి ఆడేలా వేసిన చలువ పందిరి. నిప్పుకు మాత్రం దూరం.

ఆ తర్వాతది సున్నం పూత, ఖర్చూ తక్కువే. పిడుగురాళ్ల బట్టీలో కాల్చిన సున్నపు రాయి కిలోకు 5 లీటర్ల నీళ్లు లెక్క. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, రాయిని కొంచెం కొంచెంగా వేయాలి. రాయి మీద నీళ్లు గుమ్మరిస్తే ఉడికి కళ్లలోకి చిందుతుంది, ప్లాస్టిక్ బకెట్టయితే కరుగుతుంది. ఒక రోజంతా నాననిచ్చి, గుడ్డలో వడకట్టి, వేడినీళ్లలో కరిగించిన జిగురు కొద్దిగా కలపాలి. స్లాబు కడిగి, పగుళ్లు పూడ్చి, తడి మీద, పొద్దున్నే పలుచగా మూడు పూతలు వేయాలి. ఒక పూత ఆరాకే ఇంకోటి. ఒకేసారి చిక్కగా పూస్తే పెచ్చులుగా లేస్తుంది. వానలకు ఎలాగూ పోతుంది, కాబట్టి ఏటా ఫిబ్రవరి చివర్లో మళ్లీ వేసుకోవాల్సిందే.

అపోహ: గాలి ఆడాలంటే కిటికీలు రోజంతా తెరిచే ఉంచాలి.
వడగాలులు వీచే రోజుల్లో మధ్యాహ్నం కిటికీ తెరవడమంటే వేడిని పిలిచి కూర్చోబెట్టుకోవడమే. ఉదయం తొమ్మిది దాటాక మూసేయండి, సాయంత్రం తూర్పు, ఆగ్నేయాల నుంచి సముద్రపు గాలి తిరిగాక తెరవండి. ఆ గాలి ఇంట్లోంచి దాటిపోవడానికి ఎదుటి గోడలో అంతే పెద్ద దారి ఉండాలి. దక్షిణం కిటికీ వద్దని వాస్తు పేరుతో మూయించేవాళ్లున్నారు. దాంతో వేసవి సాయంత్రాల్లో ఇల్లు ఉక్కపోస్తుంది. నైరుతిలో బరువు పెట్టమనే వాస్తు మాట మాత్రం ఎండ లెక్కకూ సరిపోతుంది, కాదనక్కర్లేదు.

ఇంకోటి, స్లైడింగ్ కిటికీలు. 4 అడుగుల కిటికీ పెట్టించుకుంటే తెరుచుకునేది 2 అడుగులే. దానికి దోమల మెష్ బిగించాక ఆ గాలీ బాగా తగ్గిపోతుంది. కాలవల ఊళ్లో మెష్ లేకుండా కుదరదు కనుక, రెక్కల కిటికీలు పెట్టి వెడల్పు పెంచుకోవడమే దారి.

అపోహ: 2 అడుగుల సజ్జ వేస్తే ఎండ రాదు.
ఉత్తర, దక్షిణాలకు చాలావరకు నిజం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మన నడినెత్తి సూర్యుడు కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు కాబట్టి ఉత్తరం కిటికీకీ సజ్జ తప్పదు. పడమర మాత్రం వేరు. మేలో సాయంత్రం నాలుగున్నరకు ఆ సజ్జ నీడ కిందికి ఒక అడుగే దిగుతుంది. అక్కడ సజ్జను నమ్ముకోకుండా జాలీ, వెదురు తడికలు కట్టండి.

అపోహ: మన స్థలంలో తవ్విన మట్టితోనే గోడలు కట్టుకోవచ్చు.
గుంటూరు నల్లరేగడితో వద్దు. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే మట్టి అది. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి గిలకొట్టి ఒక రోజు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక సగానికి పైగా, పైన బంకమన్ను ఐదో వంతు లోపు తేలితే దిమ్మెలకు పనికొస్తుంది. అంటే మనం ఎర్ర గ్రావెల్ తెప్పించుకోవాల్సిందే. 7, 8 శాతం సిమెంటు కలిపి ప్రెస్ చేసి, మూడు వారాలు తడి ఆరనివ్వకూడదు. మేస్త్రి వారానికే కట్టుబడి మొదలుపెడితే అంచులు రాలతాయి.

పునాది ఎత్తులో బేరాలాడకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. సిమెంటో సున్నమో కలపని పచ్చి మట్టి గోడ అలాంటి నీళ్లలో నిలబడదు. వరద మట్టం దాటేదాకా రాయి, దాని పైనే మట్టి.

అపోహ: సున్నం ప్లాస్టరింగ్‌లో కాస్త సిమెంటు కలిపితే గట్టిపడుతుంది.
సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. సిమెంటు కలిపితే మొదట్లో గట్టిగా కనిపించినా, గోడ ఊపిరాడే గుణం తగ్గుతుంది. మట్టి గోడ మీద ఉత్త సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి రెండు మూడు వానాకాలాలకు పలకలుగా ఊడుతుంది. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక. సున్నం కనీసం వారం ముందే తడిపి నానబెట్టాలి. ఒక్కో పూత అర అంగుళం దాటకూడదు, తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. ఏప్రిల్, మే ఎండల్లో పూస్తే ఒక్క పూటలో ఆరి పొడి రాలుతుంది. నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. పైన ప్లాస్టిక్ పెయింట్ వేయకండి, రంగు కావాలంటే సున్నంలోనే కలపండి.

అపోహ: భూమిలో పైపులు పాతి గాలి తెస్తే ఏసీ అక్కర్లేదు.
పది, పన్నెండు అడుగుల లోతులో మట్టి వేడి ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. బెజవాడలో అది దాదాపు 28 డిగ్రీలు, అంటే పైపులోంచి వచ్చే గాలి అంతకంటే చల్లబడదు. పైగా కృష్ణ ఒడ్డున ఆ లోతుకు చాలాచోట్ల నీళ్లే తగులుతాయి, పైపులో చెమ్మ చేరి బూజు వాసన పడుతుంది. ఆ డబ్బు డాబా మీద నీడకు పెట్టుకోండి.