నడుము పట్టేసిన ఉద్యోగికి సెలవొక్కటే చాలదు

"నడుము పట్టేసింది" అని ఉద్యోగి చెప్పగానే చాలాచోట్ల వచ్చే జవాబు "పూర్తిగా తగ్గాకే రండి." మంచి మనసుతో అన్న మాటే అయినా, మామూలు నడుము నొప్పికి అది మేలు చేయదు. రోజుల తరబడి మంచం మీదే ఉంటే కండరాలు నీరసిస్తాయి, కీళ్లు బిగుసుకుంటాయి, వంగాలంటేనే భయం పట్టుకుంటుంది. ఓర్చుకోగలిగినంత మేర తిరుగుతూ ఉన్నవాళ్లే సాధారణంగా త్వరగా కోలుకుంటారు. అందుకే పనిని మార్చి, మనిషిని పనిలో ఉంచాలి.

మీరు మేనేజరైతే, ఏ పని చేస్తుంటే, ఏ వేళకు నొప్పి ఎక్కువవుతోందో ముందు ఉద్యోగిని అడగండి. తర్వాత ఆ పని జరిగేచోట కాసేపు నిలబడి చూడండి. గోదాముల్లో కారణం తరచూ బరువు కన్నా దూరంలోనే దొరుకుతుంది. 10 కిలోల పెట్టెను వెన్నెముకకు 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నారనుకోండి. దాన్ని నిలబెట్టాల్సిన వీపు కండరాలు వెన్నెముకకు సుమారు 5 సెంటీమీటర్ల వెనకే ఉంటాయి కాబట్టి దాదాపు 100 కిలోల బలంతో లాగాలి. ఆ నొక్కుడంతా డిస్కుల మీదే పడుతుంది. ముందుకు వంగిన ఒంటి బరువు దీనికి అదనం.

పనిచోట భద్రత, ఆరోగ్యాల మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్, బరువులెత్తే పనికి 1991లో సవరించిన లెక్క చెప్పేదీ ఇదే. నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో, ఒంటికి దగ్గరగా, మెలితిరగకుండా, మంచి పట్టుతో, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తితే పరిమితి 23 కిలోలు. చీలమండల నుంచి చేతుల దూరం 25 నుంచి 50 సెంటీమీటర్లకు పెరిగితే చాలు, అది 11.5 కిలోలకు పడిపోతుంది. ఇది ఆరోగ్యవంతుల లెక్క. నొప్పి ఉన్నవారికి ఇంకా తగ్గించాలి. బరువైన సరుకును తొడలకూ ఛాతీకీ మధ్య ఎత్తులో ఉన్న అరల్లోకి మార్చండి. ర్యాక్ ముందు అడ్డంగా పడి ఉన్న పెట్టెలు తీసేయండి, వాటి మీదుగా చేయి చాపడమే నడుముకు చేటు. అందరికీ నడుము బెల్టులు పంచి ఊరుకోవడం పరిష్కారం కాదు.

కూర్చుని చేసే పనిలో ల్యాప్‌టాప్‌తోనే పెద్ద చిక్కు. తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉండటం వల్ల మెడో, భుజాలో ఏదో ఒకటి నష్టపోతుంది. తెర పై అంచు కంటి ఎత్తుకు వచ్చేలా లేపి, కీబోర్డు, మౌస్ విడిగా ఇవ్వండి. కుర్చీ ఎత్తు పెంచాక పాదాలు నేలకు ఆనకపోతే కింద పీట వేయాలి. ఎంత చక్కగా కూర్చున్నా, బిగపట్టి ఉన్న కండరానికి రక్తప్రసారం తగ్గుతుంది. అరగంటకోసారి రెండు నిమిషాలు లేవనివ్వాలి, లేచినందుకు ఎవరూ వేలెత్తి చూపకూడదు.

కొన్ని నొప్పులు మేనేజరు సర్దుబాటుతో ఆగేవి కావు. నడుము నొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా అదే రోజు ఆస్పత్రికి పంపాలి. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు రాత్రిపూట తిమ్మిరెక్కుతుంటే మణికట్టులో నరం నలుగుతోందేమో డాక్టరు చూడాలి. ఉదయం అరగంట దాటినా కీళ్లు బిగుసుకునే ఉంటే కీళ్లవాతం లాంటి వాపు జబ్బు అయ్యుండొచ్చు. అలాంటివారికి పొద్దున షిఫ్టు కాస్త ఆలస్యంగా మొదలుపెట్టడమే పెద్ద సాయం.

సెలవు నుంచి తిరిగొచ్చేవారితో ఏ పనులు చేస్తారు, ఏవి చేయరు, ఎన్ని గంటలు, మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుంటారు అన్నది కాగితం మీద రాసుకోండి. "తేలిక పని" అని మాత్రం రాస్తే, సరుకు ఎక్కువగా వచ్చిన రోజు సూపర్‌వైజర్ దాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంటాడు. గంటలనూ బరువునూ ఒకేసారి పెంచకండి. పెంచిన మర్నాటికి కాస్త నొప్పి ఉండటం సహజమే. అది రోజుల తరబడి తగ్గకపోతే ఒక మెట్టు వెనక్కి తగ్గి, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టండి.