గోథమ్‌కు తిరిగొచ్చిన గ్రేసన్: ఒక అబద్ధం వెనుక చరిత్ర

2015 సెప్టెంబరులో వెలువడిన ‘గ్రేసన్’ కామిక్ 12వ సంచికలో గూఢచారి డిక్ గ్రేసన్ గోథమ్ నగరానికి తిరిగివచ్చి, తనను పెంచిన బ్రూస్ వేన్ (బ్యాట్‌మన్ అసలు పేరు) ఎదుట నిలబడతాడు. బ్రూస్ అతణ్ణి గుర్తుపట్టడు. ఆ ఘట్టం అంతగా గుచ్చుకోవడానికి కారణం డిక్ పాఠకుల కళ్లముందే పెరిగినవాడు కావడమే.

1940లో డిటెక్టివ్ కామిక్స్ 38వ సంచికలో, సర్కస్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకుని బ్యాట్‌మన్ నీడకు చేరిన మొదటి రాబిన్‌గా, అంటే అతని కుర్ర సహచరుడిగా, అతను పరిచయమయ్యాడు. కామిక్స్ పాత్రలు చాలావరకు ఉన్న వయసులోనే ఉండిపోతాయి. డిక్ మాత్రం పెద్దవాడై, 1984లో రచయిత మార్వ్ వుల్ఫ్‌మన్, చిత్రకారుడు జార్జ్ పెరెజ్‌ల చేతుల్లో నైట్‌వింగ్‌గా సొంత పేరు తెచ్చుకున్నాడు.

2013లో మొదలైన ‘ఫరెవర్ ఈవిల్’ కథలో శత్రువులు లోకమంతా చూస్తుండగా అతని ముసుగు లాగేశారు. సూపర్‌మన్ శత్రువు లెక్స్ లూథర్ అతని గుండెను ఆపి, మళ్లీ కొట్టుకునేలా చేశాడు. డిక్ చనిపోయాడని లోకం నమ్మింది. ఆ నమ్మకాన్ని అలాగే ఉంచి, స్పైరల్ అనే గూఢచారి సంస్థలోకి చొరబడమని బ్యాట్‌మన్ అతణ్ణి పంపాడు. తోబుట్టువుల్లాంటి వాళ్లకు సైతం నిజం చెప్పనివ్వలేదు. నా దృష్టిలో ఈ కథకు అసలు గాయం గూఢచర్యం కాదు, తండ్రి స్థానంలో ఉన్నవాడు చెప్పించిన ఈ అబద్ధమే.

2014 జులైలో రచయితలు టిమ్ సీలీ, టామ్ కింగ్, చిత్రకారుడు మికెల్ హనీన్ మొదలుపెట్టిన ‘గ్రేసన్’లో అతను ఏజెంట్ 37. స్పైరల్ సాంకేతికత వల్ల చూసేవాళ్లకు ఏజెంట్ల ముఖం సుడి తిరిగిన మసకలా కనిపిస్తుంది. లోకమంతటికీ తెలిసిపోయిన ముఖానికి అంతకన్నా కఠినమైన ముసుగు ఉండదు.

ఈలోగా తన పాత శత్రువు జోకర్‌తో పోరాటం తర్వాత బ్రూస్ గతాన్ని మరిచిపోయాడు. అబద్ధమాడమన్నవాడికే ఆ అబద్ధం గుర్తులేదు కాబట్టి డిక్ తర్వాత రాబిన్‌లైన జేసన్, టిమ్, బ్యాట్‌గర్ల్ బార్బరాల కోపానికి డిక్ ఒక్కడే జవాబుదారీ అయ్యాడు. బ్రూస్ కొడుకు డేమియన్ సంగతి వేరు. డిక్ బ్యాట్‌మన్ వేషం వేసిన రోజుల్లో రాబిన్‌గా పక్కన నిలిచిన ఆ పిల్లవాడు 2013లో కథలో మరణించి, డిక్ చనిపోయాడనుకున్న కాలంలో మళ్లీ ప్రాణంతో వచ్చాడు. చనిపోయాడనుకున్న ఒకరినొకరు చూసుకున్న క్షణాన, ఎవరినీ దగ్గరకు రానివ్వని డేమియన్ అతణ్ణి వాటేసుకుంటాడు.