అన్నం కానిదే టిఫిన్

చిట్టికీ నానికీ,

తాతయ్య ఆశీస్సులు. మొన్న పొద్దున్నే ఫోన్‌లో "టిఫిన్ చేశారా?" అని అడిగితే, "టిఫిన్ మధ్యాహ్నం కదా తాతయ్యా, బాక్సులో పప్పన్నం పెట్టింది అమ్మ" అంది చిట్టి. నాని పకపకా నవ్వాడు. మీ ముంబయి స్కూల్లో టిఫిన్ అంటే మధ్యాహ్నం విప్పే డబ్బా. నాకేమో పొద్దుటి ఇడ్లీ. తప్పు ఎవరిదీ కాదు.

ఈ మాట ఇంగ్లీషు వీధి భాషలోని 'టిఫింగ్' నుంచి వచ్చిందంటారు. వేళ కాని వేళ కాస్త తినడం, తాగడం అని దానర్థం. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన లండన్‌లో అచ్చువేసిన వీధి మాటల నిఘంటువులో ఉంది. ఇక్కడికొచ్చిన దొరలు మొదట్లో పెద్ద భోజనం పగలే చేసేవారు. రానురాను అది రాత్రికి జరిగింది. అందాకా ఆకలి ఆగుతుందా? మధ్యాహ్నం తినే ఆ చిన్న తిండిని టిఫిన్ అన్నారు. ముంబయివాళ్లు అందులో 'మధ్యాహ్నం' పట్టుకున్నారు, మనవాళ్లు 'చిన్న తిండి' పట్టుకున్నారు.

పట్టుకుని ఊరుకున్నారా! నాయనమ్మకి శనివారం ఒంటిపూట. రాత్రి "ఈ పూటకి టిఫినే" అంటూ ఉప్మా కలుపుతుంది. పళ్లెం నిండా పెట్టుకుని, నిమ్మకాయ ఊరగాయ నంజుకుంటూ తింటుంది. అదేం చిన్న తిండి? మా చిన్నప్పుడు పొద్దున్నే ఉల్లిపాయ కొరుక్కుంటూ తిన్న చద్దన్నాన్ని మాత్రం ఎవరూ టిఫిన్ అనలేదు. ఇక్కడ వేళతోనూ పనిలేదు, కొలతతోనూ పనిలేదు. అన్నం కానిదే టిఫిన్. ఇడ్లీ, దోసెల్లో ఉన్నదీ బియ్యమే, కానీ రుబ్బితే కులం మారిపోతుంది. ఉప్పుడుపిండికైతే రుబ్బడం కూడా అక్కర్లేదు, బియ్యం రవ్వగా విరిగితే చాలు.

మా అటక మీద నాలుగు గిన్నెల ఇత్తడి క్యారేజీ ఉంది, వచ్చినప్పుడు దించి చూపిస్తాను. ఒక గిన్నెకి సొట్ట, అది నేను సైకిల్ మీంచి పడేసినప్పటిది. అడుగున అన్నం, దాని మీద పప్పు, ఆపైన కూర, పై గిన్నెలో పెరుగు. పెరుగు ఒలికి సంచీ తడిసిన రోజులు బోలెడు. దాని అసలు పేరు టిఫిన్ క్యారియర్. జీవితంలో ఒక్కసారి కూడా అందులో ఇడ్లీ పెట్టలేదు! దొరల కాలం నాటి అర్థం ఆ గిన్నెల్లో అలాగే ఉండిపోయినట్టుంది.

పొంగలి దగ్గర మాత్రం నా లెక్క తప్పుతోంది. పెసరపప్పు కలిసినా అదీ ఉడికిన బియ్యమే, అయినా హోటళ్లలో టిఫిన్ కిందే ఇస్తారు. నాయనమ్మని అడిగితే, "చట్నీ వేసిస్తున్నారుగా మరి" అంది.

మీ
తాతయ్య