తక్కెడ కింద రాయి

24 లక్షల మంది చెప్పింది విని కూడా ఎన్నికల సర్వే ఎలా తప్పుతుందని ఒక పాఠకుడు అడిగారు. ఆయన అడుగుతున్నది 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల గురించి. లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటిమందికి నమూనా బ్యాలెట్లు పంపింది. దాదాపు 24 లక్షలు తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ 57 శాతంతో గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే ఆయన ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు దాదాపు 61 శాతం ఓట్లు పడ్డాయి. లాండన్‌కు దక్కినవి రెండే రాష్ట్రాలు.

టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి పేర్లు తీసుకోవడమే తప్పని అందరూ చెబుతారు. నిజమే, ఆ రోజుల్లో ఫోన్లు, కార్లు ఎక్కువగా డబ్బున్నవాళ్ల ఇళ్లలోనే ఉండేవి. కానీ నన్ను పట్టి లాగేది ఇంకొకటి: బ్యాలెట్ అందినా జవాబు రాయని 76 లక్షల మంది.

ఒక తక్కెడ ఊహించుకోండి. గాలికి ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. పదిసార్లు తూచి సగటు తీస్తే ఆ ఊగుడు సర్దుకుంటుంది. సర్వేల్లో చెప్పే ‘ప్లస్ ఆర్ మైనస్ 3 శాతం’ ఈ ఊగుడే, వెయ్యిమందిని లాటరీ తీసినట్టు ఎంచుకుంటే వచ్చేది. ఇప్పుడు ఒక పళ్లెం అడుగున చిన్న రాయి అంటుకుందనుకోండి. లక్షసార్లు తూచినా ఆ రాయి బరువు తగ్గదు. ముల్లు మాత్రం అదే తప్పు చోట కదలకుండా నిలబడుతుంది, మనకు ధీమా పెరుగుతుంది. క్లాసుల్లో ముల్లు ఊగుడుకు ఫార్ములా నేర్పి రాయి సంగతి వదిలేస్తారు. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పెద్ద సంఖ్య అబద్ధం చెప్పదన్న మూఢనమ్మకం అక్కడే మొదలవుతుంది.

సర్వేల్లో ఆ రాయి, జవాబిచ్చేవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ మధ్య ఉండే తేడా. అది ఎంత చిన్నదైనా చాలు. రెండు పార్టీలకూ సరిగ్గా సగం సగం మద్దతు ఉందనుకుందాం. ఒక పార్టీవాళ్లలో నూటికి 12 మంది, రెండోవాళ్లలో 10 మంది జవాబిస్తారు. సర్వేలో 54.5, 45.5 అని వస్తుంది. అసలు లేని 9 శాతం ఆధిక్యం!

హార్వర్డ్ గణాంకవేత్త షియావ్-లీ మెంగ్ 2018లో దీన్ని ఒక సూత్రంలో పెట్టారు. జవాబివ్వడానికీ ఓటుకూ మధ్య సహసంబంధం, అంటే రెండూ ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే సంఖ్య, 0.005 ఉందనుకోండి. 23 కోట్ల ఓటర్లలో 23 లక్షల మంది జవాబిచ్చారు. ఓట్ల విచలనం, అంటే ఓట్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, 0.5. జవాబివ్వనివారిని ఇచ్చినవారితో భాగిస్తే 99, దాని వర్గమూలం సుమారు 10. మూడూ గుణిస్తే పొరపాటు 2.5 శాతం. నిజమైన లాటరీతో 400 మందిని తీసినా సగటున అంతే పొరపాటు వస్తుంది. 23 లక్షలు, 400!

1936లోనే అమెరికా సర్వే నిపుణుడు జార్జ్ గ్యాలప్ ఈ రాయిని విడిగా తూచాడు. డైజెస్ట్ వాడే జాబితాల నుంచే 3,000 మందిని తీసి, డైజెస్ట్ సర్వేలో రూజ్‌వెల్ట్‌కు 44 శాతం వస్తుందని ముందే చెప్పాడు. వచ్చింది 43.

ఇప్పటి సంస్థలు రెండో పళ్లెంలో ఎదురు రాయి పెడతాయి. డిగ్రీ చదివినవాళ్లు ఎక్కువగా జవాబిస్తే వాళ్ల లెక్క తగ్గించి, మిగతావాళ్లది పెంచుతాయి. 2016లో అమెరికాలో చాలా రాష్ట్ర సర్వేలు చదువును ఇలా సర్దలేదు, ట్రంప్ బలాన్ని తక్కువగా చూపాయి. కానీ ఒకే వయసు, ఒకే చదువు ఉన్న ఇద్దరిలో జవాబిచ్చినవాడు ఒకలా, ఫోన్ పెట్టేసినవాడు ఇంకొకలా ఓటేస్తే ఎదురు రాయి ఎంత పెట్టాలో జనాభా లెక్కలు చెప్పలేవు. అది తెలియాలంటే ఆ ఫోన్ పెట్టేసినవాడే మాట్లాడాలి.