రంగురంగుల ఈగ కనిపిస్తే: కొన్ని అపోహలు, వాస్తవాలు

మార్చి సగం దాటి వేప చెట్లు పూతకొచ్చాయంటే నా ఫోన్‌కు ఫొటోలు రావడం మొదలవుతుంది. హైదరాబాద్ కేబీఆర్ పార్కులో వాకింగ్ చేసేవాళ్లు, మిద్దె తోటలు పెంచేవాళ్లు, రాజేంద్రనగర్ వైపు పొలాలున్నవాళ్లు పంపిస్తారు. ఆకుపచ్చగా మెరిసే ఈగ, పసుపు చారల ఈగ, కళ్ల మీద రంగుల పట్టీలున్న ఈగ. "ఇదేం ఈగ సార్, ప్రమాదమా?" అని అడుగుతారు. ఈగల మీద పనిచేసేవాడిగా నాకు ఈ ప్రశ్నంటే ఇష్టం. కొట్టి చంపకుండా ఒక్క క్షణం ఆగి చూశారు కదా! కాకపోతే చాలామంది రంగు దగ్గర మొదలుపెట్టి రంగు దగ్గరే ఆగిపోతారు. ఈగను గుర్తుపట్టేటప్పుడు రంగును చివర్లో చూడాలి. రెక్కలు, కళ్లు, మీసాలు, అది ఎక్కడ వాలింది, ఏం చేస్తోంది అన్నవి ముందు చూడాలి.

అపోహ: పసుపు, నలుపు చారలుంటే కందిరీగే, కుడుతుంది.

వాస్తవం: ఉగాది రోజుల్లో వేప పూత దగ్గర గాల్లో ఒకేచోట కదలకుండా నిలబడి, ఉన్నట్టుండి పక్కకు జారిపోయే చారల పురుగును చూసే ఉంటారు. అది చాలావరకు సిర్ఫిడ్ ఈగే. దానికి కొండి లేదు, కుట్టలేదు, కరవదు. కందిరీగలా కనిపిస్తే పిట్టలు జోలికి రావన్నదే ఆ చారల వల్ల దానికి లాభం.

తేడా తెలియాలంటే రెక్కలు చూడండి. కందిరీగకు, తేనెటీగకు నాలుగు రెక్కలు, ఈగకు రెండే. వెనక రెక్కలు ఉండాల్సిన చోట ఈగకు అగ్గిపుల్ల ఆకారంలో రెండు చిన్న కాడలుంటాయి. వాటిని హాల్టర్లు అంటారు. ఎగురుతున్నప్పుడు ఒళ్లు ఎటు తిరుగుతోందో ఈగకు తెలిసేది వాటివల్లే. కందిరీగ ముందు రెక్క, వెనక రెక్క ఒకదానికొకటి కొక్కేలతో తగులుకుని ఉంటాయి కాబట్టి ఫొటోలో ఒక్కోసారి రెండే రెక్కలున్నట్టు కనిపిస్తాయి. అప్పుడు తల చూడండి. సిర్ఫిడ్ ఈగకు తలంతా కళ్లే, మీసాలు మాత్రం పొట్టిగా ఉంటాయి. కందిరీగ మీసాలు పొడవుగా, నడుము సన్నగా ఉంటాయి.

ఈ విషయం మిద్దె తోటవాళ్లకు మరీ ముఖ్యం. చిక్కుడు తీగకు పేనుబంక పట్టినప్పుడు దాని మధ్యలో కాళ్లు లేని, జిగటగా ఉండే చిన్న పచ్చ పురుగు పాకుతుంటుంది. అది చాలా రకాల సిర్ఫిడ్ ఈగల పిల్ల దశ. మన ప్రాంతంలో బాగా కనిపించే ఇస్కియోడాన్ స్కూటెల్లారిస్ కూడా ఇలాగే పెరుగుతుంది. ఆ పురుగు పేనుబంకను వందల లెక్కన తినేస్తుంది. దాన్ని చూసి మందు కొడితే పేనుబంకతో పాటు మీకు పనిచేసే కూలీని కూడా చంపుకున్నట్టే. దయచేసి ఆ తీగను నాలుగు రోజులు వదిలేయండి.

అపోహ: పచ్చగా, నీలంగా మెరిసేది విషపు ఈగ.

వాస్తవం: మెరుపుకూ విషానికీ సంబంధం లేదు. ఒంటిపై పొరలు అతి పల్చగా ఒకదానిపై ఒకటి ఉంటాయి. వాటిపై పడి తిరిగొచ్చే వెలుతురే మనకు ఆకుపచ్చగా కనిపిస్తుంది. అందుకే కోణం మారితే రంగూ మారుతుంది.

అయితే మెరిసేవన్నీ ఒకటి కావు. చేపల మార్కెట్లో, కుళ్లిన పండ్ల మీద గుంపుగా కనిపించేది, ఇటుక రంగు పెద్ద కళ్లున్నది క్రైసోమియా మెగాసెఫాలా. మలం మీదా వాలుతుంది, మన తిండి మీదా వాలుతుంది కాబట్టి కోసిన పండ్ల మీద మూత పెట్టాల్సిందే. అదే ఈగ మామిడి పూత మీద కూడా వాలుతుంది. మామిడిలో పరాగ సంపర్కం చేసేవాటిలో ఈగలది పెద్ద వాటా అని మామిడి ప్రియులు గుర్తుంచుకోవాలి. ఆకుల మీద అటూ ఇటూ గెంతే, పొడవు కాళ్ల, చిన్న పచ్చ ఈగ వేరే కుటుంబానిది. అది ఇంకా చిన్న పురుగుల్ని వేటాడుతుంది. ఇక గోడ మూలల్లోని మట్టి గూళ్ల చుట్టూ తిరుగుతూ, తాకితే ఉండలా చుట్టుకుపోయే నీలిపచ్చ పురుగు అసలు ఈగే కాదు. అదొక కందిరీగ. వేరే కందిరీగల గూళ్లలో గుడ్లు పెడుతుంది.

అపోహ: కంపోస్టు డబ్బాలో నల్ల కందిరీగలు చేరాయి, పారబోయాలి.

వాస్తవం: పారబోయకండి. నీలి మెరుపున్న నలుపు ఒళ్లు, తెల్లటి పాదాలు, పొట్ట మొదట్లో వెలుతురు కనిపించే రెండు పారదర్శక మచ్చలు ఉంటే అది బ్లాక్ సోల్జర్ ఫ్లై. దీని మీసాలు పొడవుగా ఉంటాయి కాబట్టి పైన చెప్పిన మీసాల గుర్తు ఇక్కడ పనికిరాదు. రెక్కలే లెక్కపెట్టాలి. అమెరికా ఖండాల నుంచి ప్రపంచమంతా పాకిన ఈగ ఇది. కుట్టదు, కరవదు, మన అన్నం మీద వాలాలని చూడదు. దాని పురుగులు వంటింటి చెత్తను తినేస్తాయి.

అపోహ: మామిడికాయ మీద వాలిన పసుపు మచ్చల ఈగ తోకలో ముల్లుంది, కుడుతుంది.

వాస్తవం: అది పండు ఈగ ఆడది. ఆ ముల్లు కాయలోకి గుడ్లు దించడానికే, మనిషిని కుట్టడానికి కాదు. నష్టం మాత్రం నిజమే. ఈగల్ని రప్పించే మిథైల్ యూజినాల్ అనే మందు పెట్టి తోటల్లో వేలాడదీసే బుట్టలకు మగ ఈగలే వస్తాయి, గుడ్లు పెట్టే ఆడవి మిగిలిపోతాయి. కాబట్టి రాలిన కాయల్ని ఏరి పారేయడం మానకూడదు.

అపోహ: ఏ ఈగైతే ఏంటి, పేరు తెలిసి ఏం లాభం?

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బేగంపేట గుర్తొస్తుంది. దోమ కూడా రెండు రెక్కల కీటకమే, ఈగల వర్గానిదే. 1897 ఆగస్టు 20న బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ అక్కడే దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అంతకుముందు వేరే రకాల దోమల్ని ఎన్నింటిని కోసి చూసినా ఫలితం దొరకలేదు. రెక్కలపై మచ్చలున్న రకం చేతికొచ్చాకే దొరికింది. దాని శాస్త్రీయ నామం ఆయనకు అప్పటికి తెలియదు. కానీ రెక్కలు వేరుగా ఉన్నాయని గమనించాడు. 1902లో నోబెల్ వచ్చింది.

అపోహ: యాప్‌లో ఫొటో పెడితే పేరు వచ్చేస్తుంది.

వాస్తవం: కుటుంబం వరకు చాలాసార్లు సరిగ్గానే వస్తుంది. జాతి దగ్గరికొచ్చేసరికి నమ్మకం తగ్గించుకోండి. ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టిన ఈగ జాతులు సుమారు 1,50,000. వాటిలో ఎన్నింటినో రెక్క ఈనెలు చూసి, మైక్రోస్కోపు కింద జననాంగాలు పరిశీలించి తేల్చాల్సిందే. ఫొటో చూసి జాతి పేరు చెప్పలేనంటే నేను తప్పించుకుంటున్నానని అనుకోవద్దు.

అలాగని చంపి డబ్బాలో తేవద్దు. పశువుల దగ్గర తిరిగే జోరీగనే తీసుకోండి. బతికున్నప్పుడు చాలా జోరీగల కళ్ల మీద ఆకుపచ్చ, ఊదా పట్టీలు అద్భుతంగా ఉంటాయి. చచ్చి ఎండిపోగానే కంటి పొరలు ఆరి ఆ పట్టీలు మాయమవుతాయి. మాకు పనికొచ్చే గుర్తు కూడా వాటితోనే పోతుంది. రెండు కళ్లూ నెత్తిన కలిసిపోయి ఉంటే అది మగది, రక్తం తాగదు. కళ్ల మధ్య ఎడం ఉంటే ఆడది, కుట్టేది అదే. ఇదంతా బతికున్న ఈగ ఫొటోలో హాయిగా కనిపిస్తుంది.

ఎండ ముదరకముందే, పొద్దున పూటే వెళ్లండి. చల్లగా ఉన్నప్పుడు ఈగలు తొందరగా లేచిపోవు. మీ నీడ దాని మీద పడనివ్వకండి. పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ముఖం ఎదురుగా ఒకటి తీయండి. రెక్కలు విప్పినప్పుడు దొరికితే ఇంకా మంచిది. ఫొటోతో పాటు ఏ ఏరియా, ఏ తేదీ, ఏ చెట్టు మీద, ఏం చేస్తుండగా చూశారో ఒక లైను రాసి పంపండి.