"ఏమీ తినలా నాయనా, కాఫీ తాగినా అంతే": ఆసుపత్రి మెసేజ్‌లపై అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి మెసేజ్‌లు, వీడియోలు, ఫేస్‌బుక్ పోస్టులు రాయడం నా పని. మా దగ్గరికి శ్రీకాళహస్తి, పీలేరు, పలమనేరు నుంచి జనం వస్తారు. తెల్లవారకముందే బస్సెక్కి వచ్చిన మనిషి మేం రాసిన ఒక్క మాట వల్ల ఊరికే తిరిగిపోతే ఆ తప్పు మాదే. అలా జరిగింది కూడా.

అపోహ: ఇంగ్లిష్ మెసేజ్‌ని తెలుగులోకి మార్చేస్తే చాలు.

షుగర్ పరీక్షకు వచ్చేవాళ్ళకి మొదట్లో "8 గంటలు ఏమీ తినకుండా రండి" అని పంపేవాళ్ళం. పలమనేరు నుంచి తొలి బస్సుకు వచ్చిన ఒక పెద్దావిడను రక్తం తీసే ముందు ల్యాబ్‌లో అడిగితే, "ఏమీ తినలా నాయనా, కాఫీ తాగినా అంతే" అన్నారు. ఆవిడ మాటలో తప్పేముంది? మనకు తినడం వేరు, తాగడం వేరు. చక్కెర వేసిన కాఫీ కడుపులో పడ్డాక ఆ పరీక్ష చేసి లాభం లేదు. ఆవిడకి రానుపోను ఛార్జీలు, ఒక రోజు కూలి పోయాయి. మా ఇంట్లో అమ్మ రోజూ అనే "పరగడుపున" అన్న మాట రాసేటప్పుడు నాకు తట్టకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మాట దొరికాక చోటు చూసుకోవాలి. ఇంగ్లిష్ ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే. గుణింతం, వత్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" అని రాస్తే ఆరు పోయినట్టే. పైగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల వల్ల, సంస్థలు పంపే మెసేజ్‌లను నమోదు చేసే డీఎల్‌టీ అనే వ్యవస్థలో ముందే నమోదు చేసిన వాక్యమే వెళ్తుంది, తోచినప్పుడల్లా మార్చడం కుదరదు. చాలా కొట్టివేతల తర్వాత ఇది నిలిచింది: "రేపు ఉదయం పరగడుపున రండి. కాఫీ, టీ కూడా వద్దు. మంచినీళ్ళు తాగవచ్చు." ఖాళీలు, చుక్కలతో కలిపి 66. ఎన్ని గంటల ముందు నుంచి అన్నది ఇందులో పట్టలేదు. దాన్ని కౌంటర్‌లో నోటితో చెప్పిస్తున్నాం.

అపోహ: మెసేజ్ డెలివరీ అయిందంటే పేషెంటుకి చేరినట్టే.

ఓపీ కౌంటర్‌లో నంబరు అడిగితే మన పెద్దవాళ్ళు కొడుకు నంబరు చెప్తారు. ఆ కొడుకు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటాడు. మెసేజ్ అక్కడ మోగుతుంది, మాత్ర వేసుకోవాల్సిన మనిషి ఇక్కడ ఉంటారు. అందుకే ఇప్పుడు రెండు నంబర్లు రాసుకుంటున్నాం. రెండోది ఇంట్లోనే ఉండే ఫోను, బటన్ ఫోనైనా సరే.

చదవలేని వాళ్ళకు గొంతే దారి. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో మొదలుపెట్టిన కిల్‌కారీ ఇలాగే నడుస్తుంది. గర్భిణికి నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారం వారం ఫోన్ చేసి మొత్తం 72 సందేశాలు వినిపిస్తారు. మేం చేసే వాయిస్ కాల్స్ సాయంత్రం పాలు పోసి ఇంటికొచ్చే వేళకి పెట్టుకున్నాం. మధ్యాహ్నం చేస్తే ఎత్తేవాళ్ళు తక్కువ.

అపోహ: వాట్సాప్‌లో డాక్టర్ పంపిన చీటీ చెల్లదు.

చెల్లుతుంది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దీనికి అనుమతిచ్చాయి. చీటీ మీద డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం ఉండాలి. మత్తు మందులు, షెడ్యూల్ ఎక్స్ మందులు (అమ్మకంపై గట్టి కట్టడి ఉన్న మందుల జాబితాలోవి) మాత్రం ఇలా రాయకూడదు. పక్కింటివాళ్ళ చీటీ ఫార్వర్డ్ చేసుకుని వాడటం వేరే సంగతి, దయచేసి అది చేయకండి.

అపోహ: రీల్‌లో ఏం చెప్పినా అడిగేవాళ్ళు లేరు.

షుగర్, బీపీ, క్యాన్సర్, మూర్ఛ నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడాన్ని 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. నోటితో చెప్పినా, వెలుగుతోనో శబ్దంతోనో చివరికి పొగతోనో చెప్పినా ప్రకటన కిందికే వస్తుందని అందులో రాసి ఉంది. ఫోన్‌లో చూపిస్తే తప్పించుకోవచ్చని ఎలా అనుకుంటాం?

అపోహ: ముఖం మసక చేస్తే ఫొటో పెట్టేయొచ్చు.

షుగర్ ఉన్నవాళ్ళు పాదాలు ఎలా చూసుకోవాలో చెప్పే పోస్టు కోసం, కాలి పుండు మానిన ఒకామె ఫొటో సిద్ధం చేశాం. ముఖం అసలు కనిపించదు. పోస్టు చేసే ముందు మా నర్సమ్మ ఫొటో పెద్దది చేసి చూపించారు. మోకాలి మీద పెట్టుకున్న ముంజేతిపై పచ్చబొట్టు ఉంది, అందులో భర్త పేరు. ఊళ్ళో వాళ్ళు గుర్తుపట్టడానికి ముఖమే కావాలా?

మేం అంతకుముందు ఆమెతో తీసుకున్న సంతకం ఇంగ్లిష్ కాగితం మీదిది. దాన్ని పక్కన పెట్టి ఆమెకు ఫోన్ చేశాం. తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు ఆ పోస్టును స్క్రీన్ మీదే చూపించి, ఎవరెవరికి కనిపిస్తుందో చెప్పి, చదివి వినిపించాం. ఆమె చాలాసేపు చూసి అన్నారు: "ఆయన పేరు తీసేయ్ నాయనా. కాలు ఉండనీ, నలుగురూ చూసి జాగ్రత్త పడతారు."