వీధి దీపాల బిల్లు

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

"మన ఇంటి కరెంటు బిల్లు నాన్న కడతాడు, మరి వీధి దీపాల బిల్లు ఎవరు కడతారు తాతయ్యా?" అని చిన్ని ఫోనులో అడిగింది. మీ విశాఖలో అయితే నగరపాలక సంస్థ కడుతుంది, తూర్పు డిస్కంకి. డిస్కం అంటే కరెంటు కొని ఇళ్ళకీ వీధులకీ పంచే సంస్థ. అదీ మనందరి పన్నుల డబ్బే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పటికి మీరు పుట్టలేదు. స్తంభాలు ఒరిగిపోయి, రోజుల తరబడి ఊరు చీకట్లో ఉంది. ఆ తర్వాత పాత పసుపు దీపాల చోట ఎల్‌ఈడీలు పెట్టారు, 90 వేలకు పైగా! తుఫాను దెబ్బతిన్న ఊరికి అంత డబ్బెక్కడిది? ఈఈఎస్‌ఎల్ అని ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. ముందు పెట్టుబడి అది పెట్టింది. కరెంటు బిల్లులో మిగిలే డబ్బుతో నగరం కొన్నేళ్ళపాటు దాని బాకీ తీర్చాలని ఒప్పందం.

నా చిన్నప్పుడు మా అమ్మ గేదెను కొన్నదీ ఇలాగే. చేతిలో పైసా లేదు. పాలకేంద్రం వాళ్ళు అప్పుగా గేదెను ఇప్పించారు. పొద్దునా సాయంత్రం కేంద్రంలో పాలు పోస్తే, వారానికోసారి లెక్కచూసి కొంత అప్పుకి పట్టుకుని మిగతాది చేతికిచ్చేవారు. అప్పు తీరాక పాలన్నీ మావే. అంతకుముందున్న ముసలి గేదె తవుడూ గడ్డీ గంపలకొద్దీ తిని చెంబెడు పాలిచ్చేది. 250 వాట్ల ఆ పాత పసుపు దీపం, అదే సోడియం దీపం, అలాంటిదే. అందులో సగం కరెంటు కూడా తినని ఎల్‌ఈడీ ఆ వీధికి చాలు.

గేదెను తోలుకొచ్చాక కుడితి పెట్టేదీ పేడ తీసేదీ నేనే. ఈగలు ముసిరితే వేపాకు పొగ వేసేవాణ్ణి. ఒక్కపూట ఏమరినా పాలు తగ్గేవి. దీపాలకూ ఆ చాకిరీ తప్పదు. మాడినవి మార్చాలి, తెల్లారగానే ఆపాలి. కొత్తది వచ్చిందని సంబరపడితే సరిపోదు నాన్నా, రోజూ చూసుకోవాలి.

"కరెంటు అమ్ముకునే డిస్కంకి మనం తక్కువ వాడితే నష్టం కదా?" అని బుజ్జి అడుగుతాడని తెలుసు. సాయంత్రం చీకటి పడగానే ఇళ్ళల్లో, వీధుల్లో, కొట్లలో దీపాలన్నీ ఒక్కసారే వెలుగుతాయి. ఆ కాసేపటి కోసం డిస్కం ఎక్కువ ధరకి కరెంటు కొనాల్సి వస్తుంది. ఆ వేళ వాడకం తగ్గితే దానికీ మేలే. అందుకే ఆ రోజుల్లో మన రాష్ట్రంలో పాత 60 వాట్ల బల్బు తీసుకుని, 10 రూపాయలకే 7 వాట్ల ఎల్‌ఈడీ ఇచ్చారు. మీ నానమ్మ వరసలో నిలబడి తెచ్చింది.

అంత చిన్న దీపంలోంచి అంత వెలుగు ఎలా వస్తుందో ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే. అది మీ సైన్స్ మాస్టారిని అడగండి.

ఈ ఆదివారం బాగా తెల్లవారాక ఇద్దరూ వీధి చివరిదాకా నడవండి. దీపాలు వేసి ఆపే పెట్టె ఏ స్తంభానికి ఉందో వెతకండి, ముట్టుకోవద్దు. ఎండ వచ్చాక కూడా వెలుగుతున్న దీపం కనిపిస్తే, అది ఏ ఇంటి ఎదుట ఉందో రాసుకుని నాన్నతో వెళ్ళి వార్డు సచివాలయంలో చెప్పండి. ఏమన్నారో నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య